వగరు ఉండగా టానిన్ ఎందుకు? వైన్ బల్ల దగ్గర తెలుగు మాటలు

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక్క మాట గురించి అడుగుదామని మొదలుపెడితే పోస్టు పొడుగైపోయింది, ఓపిక పట్టండి. ఆ మాట "వగరు". మా పుట్టింట్లో ఒగరు అంటాం, అత్తవారింట్లో వగరు అంటారు.

నేను విశాఖ బీచ్ రోడ్డులో ఒక రెస్టారెంట్‌లో సొమెలియేని. అంటే వైన్ ఎంచి కొనడం, చెడకుండా నిల్వ చూడటం, ఏ వంటకానికి ఏది నప్పుతుందో చెప్పి పొయ్యడం. (ఆ ఫ్రెంచి మాటకు పాత అర్థం సరుకు మోసే పశువుల్ని తోలేవాడని. లోడు వచ్చిన రోజు అట్టపెట్టెలు మెట్లెక్కిస్తుంటే అదే సరైన అర్థమనిపిస్తుంది.) మన ఊళ్ళో "వైన్స్" అని బోర్డు పెట్టిన కొట్లో బ్రాందీ, విస్కీ, బీరు అన్నీ ఉంటాయి, వైన్ మాత్రం ఏ మూలనో దుమ్ము పట్టి ఉంటుంది. అందుకే మా అత్తగారు చుట్టాలెవరైనా అడిగితే "కోడలు హోటల్ మేనేజ్‌మెంట్" అని మాట తప్పించేస్తారు.

సంగతికొస్తాను. రెడ్ వైన్ మొదటిసారి రుచి చూసినవాళ్ళు చాలామంది గ్లాసు కింద పెట్టేసి "చేదుగా ఉందండీ" అంటారు. అది చేదు కాదు, వగరు. చేదంటే కాకరకాయ. ఇది రుచికన్నా ముందు స్పర్శ: నోట్లో తడంతా లాగేసి, చిగుళ్ళు, బుగ్గల లోపలి వైపు గరుకెక్కినట్టుంటుంది. ద్రాక్ష తొక్కలోనూ గింజలోనూ ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లకు అతుక్కుంటాయి, దాంతో నోట్లో జారుడు పోయి నాలుక అంగిటికి రాసుకుంటుంది. మాకు ట్రైనింగ్‌లో దీన్ని చెప్పడానికి "పాలు లేని టీ గుర్తు తెచ్చుకోండి" అనేవారు. మనకెందుకండీ టీ? జామ పిందె, నేరేడు పండు, వక్క, ఉగాది పచ్చట్లో మామిడి పిందె ఉన్నాయి కదా. ఉత్తరాంధ్రలో పుట్టి జీడిపండు కొరికి గొంతు పట్టేయనివాళ్ళు ఎవరున్నారు?

కిళ్ళీలో వేసే కాచు ఇంకా తమాషా. వైన్ టానిన్లు ఏ చిన్న అణువులు గొలుసుకట్టగా తయారవుతాయో వాటిలో ఒకదాని పేరు కాటెచిన్. ఆ పేరు కాటెచు నుంచి, అంటే మన కాచు నుంచే వచ్చింది. టానిన్ అన్న మాటేమో తోళ్ళ శుద్ధి నుంచి పుట్టింది, ఆ పనికి మన దగ్గర తంగేడు పట్టా, కరక్కాయ వాడేవారు. సరుకంతా మన పెరట్లో పెట్టుకుని మెనూ కార్డులో మాత్రం టానిన్ ఎక్కువని చెప్పడానికి "టానిక్" అని అచ్చు వేసుకుంటున్నాం, అది చూసి ఒకాయన "బలానికా అమ్మా?" అని నిజంగానే అడిగారు.

ఇప్పుడు నేను బల్ల దగ్గర "కాస్త వగరుంటుంది సార్, మటన్ వేపుడు ఒక ముక్క తిని అప్పుడు తాగండి" అంటాను. మాంసంలోని ప్రోటీను, కొవ్వు ఆ టానిన్లను తమవైపు లాక్కుంటాయి, నోరు తేలికపడుతుంది. ఇక వివరించాల్సిన అవసరమే రాదు, నాసిక్ షిరాజ్ అనే రెడ్ వైన్ రెండో గ్లాసు వాళ్ళే అడుగుతారు.

నా డ్యూటీ మధ్యాహ్నం మూడింటికి మొదలు, ముందు ఫ్రిజ్‌ల టెంపరేచర్ చూస్తాను, ఈ ఊరి ఉక్కలో అదే పెద్ద టెన్షన్. రెడ్ వైన్ "రూమ్ టెంపరేచర్‌లో" ఇవ్వాలంటారు కానీ ఆ గది పాతకాలపు యూరప్ గది, 16 నుంచి 18 డిగ్రీలు, మే నెలలో మన గది కాదు. అందుకే రెడ్డు కూడా ఐసు బకెట్లో పెట్టి తెస్తాను, చూసి నవ్వేవాళ్ళను నవ్వనిస్తాను. తర్వాత నిన్న తెరిచిన సీసాలన్నీ ఒక్కో గుక్క రుచి చూసి ఉమ్మేయడం. వాసనలకూ మనకు మాటలు ఉన్నాయి. అప్పుడప్పుడూ ఒక సీసా కార్కు లోపం వల్ల తడిసిన అట్టపెట్టె వాసన కొడుతుంది. మా కుర్రాళ్ళకు ఎన్నిసార్లు చెప్పినా పట్టుబడలేదు, "ముక్క వాసన" అన్నానో లేదో అందరికీ తెలిసిపోయింది. ముక్కిన బియ్యం వాసన ఎరగని ఇల్లుందా!

ఇబ్బంది రెండు మాటలతోనే. ఒకటి "డ్రై". వైన్‌లో డ్రై అంటే తీపి లేనిదని. ఫ్రెంచిలో సెక్, ఇటాలియన్‌లో సెక్కో, జర్మన్‌లో ట్రోకెన్, అందరూ పొడి అనే అంటారు, మనం మాత్రం ద్రవాన్ని పట్టుకుని పొడి అంటే నవ్వుతారు. పైగా బుడగలొచ్చే వైన్లలో "ఎక్స్‌ట్రా డ్రై" అని రాసినది, తీపి బాగా తక్కువుండే "బ్రూట్" కన్నా తియ్యగా ఉంటుంది, దాన్ని ఏ భాషలో చెప్పినా ఎవరూ నమ్మరు. రెండోది "ఫినిష్", మింగాక నోట్లో మిగిలే రుచి. ఈ రెంటికీ మాటలు చెప్పండి.

—

రిటైర్డ్ తెలుగు మాస్టారు, ఎం.వి.పి. కాలనీ: అమ్మాయీ, ఒగరు, వగరు రెండూ సాధువే, పుట్టిల్లూ అత్తిల్లూ తగవు పడక్కర్లేదు. కన్నడంలోనూ ఒగరే. సంస్కృతంలో దీని పేరు కషాయం. షడ్రసాల్లో మధుర, ఆమ్ల, లవణ, కటు, తిక్త, కషాయ అని చదువుకున్నాం, అయితే కటువు అంటే కారం, తిక్తం అంటే చేదు, ఈ రెంటినీ తారుమారు చేసేవాళ్ళు చాలామంది. ఇప్పుడు కషాయం అంటే జలుబు మందే గుర్తొస్తుంది కాబట్టి నీ గిరాకీల ముందు ఆ మాట ఎత్తకు.

జాలారిపేట తమ్ముడు: అక్కా, మా ఇంట్లో వంజరం పులుసుకి రెడ్ వైన్ పెట్టి చూశాం, నోట్లో ఇనుప మేకు పెట్టుకున్నట్టుంది. ఏటిది?

నేను: తమ్ముడూ, నీ నోటికొచ్చింది సరిగ్గా ఇనుమే. రెడ్ వైన్‌లో కాస్త ఇనుముంటుంది, అది చేప నూనెలతో కలిస్తే ఆ నీచు కంపు లేస్తుంది. ఎండుచేపలతో అయితే మరీ ఘోరం. పులుసులో చింతపండు ఉందిగా, వైన్ దానికన్నా పులుపుండాలి, లేకపోతే నీళ్ళలా చప్పబడిపోతుంది. కారం ఎక్కువైతే ఆల్కహాల్ తక్కువదే పట్టు, ఎందుకంటే ఆల్కహాల్ మంటను ఎగదోస్తుంది. జర్మనీలో మోసెల్ వైపు రీస్లింగ్ అనే వైట్ వైన్లలో 8, 9 శాతం మాత్రమే ఉండేవి ఉన్నాయి, కొంచెం తీపి కూడా ఉంటుంది, బాగా చల్లగా పోసుకుంటే పులుసుకి అంతకన్నా జోడీ నాకు దొరకలేదు. అది ఖరీదనుకుంటే కాస్త తీపున్న నాసిక్ షెనిన్ బ్లాంక్, అదీ వైట్ వైనే. చందువా వేపుడైతే సోవిన్యోన్ బ్లాంక్ అనే ఇంకో వైట్. నెత్తళ్ళు కరకరలాడేలా వేయిస్తే బ్రూట్, ఉప్పూ నూనే ఆ బుడగలకు భలే కుదురుతాయి.

ఒక సభ్యుడు: తాగుడుకి తెలుగు మాటలు వెతకడం ఈ గ్రూపు పనా?

అరకు నుంచి: సార్, కల్లు గీసేవాళ్ళు తెలుగువాళ్ళు కారా? జీలుగు కల్లు పొద్దున దింపితే తీపి, పొద్దెక్కేకొద్దీ పులుపు, సాయంత్రానికి ఘాటు. ఏ పూట ఎలా ఉంటుందో మా ఊళ్ళో ముసలాళ్ళు వాసన చూసి చెప్తారు. మేడం గారూ, బొంగులో చికెన్‌కి ఏది పోస్తారు?

నేను: వెదురు కాలిన వాసనకి పినో న్వార్ అనే రెడ్ నాకిష్టం, వగరు తక్కువ, చికెన్‌ను మింగేయదు. గోంగూర మాంసమే నన్ను ఏడిపిస్తుంది, ఆ పులుపు ముందు మంచి మంచి రెడ్లు చేతులెత్తేస్తాయి, పులుపెక్కువ, వగరు తక్కువ ఉండే ఇటలీ బార్బెరా దొరికితే గట్టెక్కుతాను. మాడుగుల హల్వాకి మాత్రం వైన్ హల్వాకన్నా తియ్యగా ఉండాలి, తీపి అంత దండిగా ఉన్నచోట డ్రై వైన్ పోస్తే వెనిగర్‌లా తగులుతుంది. హంగరీ టోకాయ్ అనే తీపి వైన్ పోస్తాను, ఖరీదు చెప్పాక సగంమంది ఫిల్టర్ కాఫీ అడుగుతారు, అదీ మంచి జోడీయే.

మాస్టారు: డ్రైకి కొత్త మాట వద్దు. "తీపి లేదు" అను, చాలు. ఫినిష్‌కి "నిలవ రుచి" అంటే?

నేను: మాస్టారూ, నిలవ అంటే మా షెఫ్ గరిటె పట్టుకుని వస్తాడు, నిన్నటి కూర అన్నానని.

జాలారిపేట తమ్ముడు: "మింగాక రుచి" అనేయ్ అక్కా.

నేను: ఇది బాగుంది. శనివారం రాత్రి బల్లల మీద వాడి చూస్తాను.