ట్రాన్స్‌ప్లాంట్ అయిన పిల్లాణ్ని మంచం దింపే వీడియో గేములు ఏమైనా ఉన్నాయా?

నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా మేనల్లుడికి 14 ఏళ్లు. బ్లడ్ క్యాన్సర్‌కి హైదరాబాద్‌లో ఎముక మూలుగ మార్పిడి జరిగి మూడు నెలలు దాటింది. వాడి చెల్లెలే మూలుగ ఇచ్చింది.

స్టెరాయిడ్లతో తొడల్లో బలం పోయింది. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాలి. రోజూ నడవమన్నారు, కానీ జనంలోకి, మట్టిలోకి, కొబ్బరి పీచు దుమ్ములోకి వెళ్లొద్దన్నారు. ఆ మూడూ లేని చోటు కోనసీమలో ఎక్కడుందండీ! వరండాలో పది అడుగులు వేసి "చాలు మామయ్యా" అంటూ మంచమెక్కి ఫోన్ పట్టుకుంటాడు. గేమ్‌లో మాత్రం గంటసేపైనా అలుపు రాదు.

ఆ పిచ్చినే వాడుకుందామని నా ఆలోచన. క్యాన్సర్ ఉన్న కుర్రాళ్ల కోసమే 2006లో రీ-మిషన్ అనే గేమ్ వచ్చింది. 375 మందితో చేసిన అధ్యయనం 2008లో అచ్చయింది, అది ఆడినవాళ్లు మందులు మరింత సరిగ్గా వేసుకున్నారట. కానీ మావాడికి కావాల్సింది కాళ్లూ చేతులూ కదిలించేది, నింటెండో స్విచ్ అనే గేమ్ మిషన్‌ని టీవీకి తగిలించి ఆడే రకం. గెంతులు లేకుండా, పడిపోకుండా అయితే సరేనన్నారు డాక్టరుగారు. ప్లేట్‌లెట్లు ఇంకా తక్కువే, దెబ్బ తగిలితే రక్తం తొందరగా ఆగదు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా ఆడించారా? ఏ గేమ్‌తో మొదలుపెట్టారు, రోజుకి ఎన్ని నిమిషాలు? సెకండ్ హ్యాండ్‌ది కొంటే కంట్రోలర్ సందుల్లో మురికి ఎలా వదిలించాలి? కాకినాడ, రాజమండ్రిలో ఆడి చూసి కొనుక్కునే షాపులున్నాయా? చెల్లెలు కూడా ఆడతానంటోంది. పోటీలో పడి వీడు అతిగా చేస్తాడేమోనని అదో టెన్షన్.