అలాస్కా క్రూయిజ్‌కి అమ్మానాన్నలకి ఏం బట్టలు సర్దాలి?

జులైలో సియాటెల్ నుంచి 7 రోజుల అలాస్కా క్రూయిజ్ ఎక్కుతున్నాం. అమ్మావాళ్లు విజయవాడ నుంచి వచ్చారు. అమ్మ చీర తప్ప కట్టదు, నాన్నేమో ఎండాకాలంలో చలేంటి అని స్వెట్టర్ కూడా వద్దంటున్నారు. ఇద్దరికీ పెద్ద కోట్లు కొనాలా?

జవాబు 1:
కోట్లు దండగండీ. అలాస్కాలో ఓడ ఆగే జూనో ఊళ్లో జులై పగలు 15-18 డిగ్రీలు, అంటే మనకి సంక్రాంతి తెల్లవారుజాము చలి. లోపల థర్మల్ (ఒంటికి అతుక్కునే వెచ్చటి లోబట్టలు), దాని మీద ఫ్లీస్ (మెత్తటి, తేలికైన స్వెట్టర్ లాంటిది), ఆ పైన వాన జాకెట్ ఉంటే ఎండొచ్చినప్పుడు ఒక్కోటీ తీసేయొచ్చు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరి చావదు. అలాస్కాలోనే ఇంకో ఊరు కెచికాన్‌లో వాన తప్పదనుకోండి, గాలికి గొడుగు తిరగబడుతుంది, టోపీ ఉన్న జాకెట్టే నయం.

జవాబు 2:
మా అత్తగారూ చీరే. లంగా కింద థర్మల్ ప్యాంటు, సింథటిక్ చీర, కాళ్లకి సాక్సు, షూ. కాటన్ చీరలు పెట్టకండి, ఓడలోకి ఇస్త్రీపెట్టె తేనివ్వరు. హిమానీనదాలుండే గ్లేసియర్ బేకి ఓడ వెళ్లిన రోజు మామగారు మంకీ క్యాప్ తీస్తే అందరం నవ్వాం, డెక్ మీద పది నిమిషాలు నిలబడ్డాక మా ఆయనే అది అడిగి పెట్టుకున్నారు!

జవాబు 3:
బట్టలు సరే, ఓడ కెనడాలోని విక్టోరియాలో ఆగుతుందేమో చూడండి. ఆగితే వాళ్లకి కెనడా వీసా కావాలి.

అడిగినవారు:
వీసా ఉందండీ. మంకీ క్యాప్ సంగతి నాన్నకి చదివి వినిపించా, స్వెట్టర్‌కి ఒప్పుకున్నారు.