హరికేన్ డికాల్స్ కింద తెల్ల మసక పోవడం లేదు, ఎవరైనా దారి చెప్పండి

తూరుపుగాలి:
పొద్దున్నుంచి దీని ముందే కూర్చున్నాను, ఇక నా వల్ల కావడం లేదు. హరికేన్ టూ సీ అనే యుద్ధవిమానం చిన్న మోడల్. 1944లో ఇంఫాల్ దగ్గర అర్జన్ సింగ్ నాయకత్వంలో పోరాడిన ఒకటో స్క్వాడ్రన్ విమానంగా చేస్తున్నాను. అతుకులు, పుట్టీ, పెయింట్ అన్నీ బాగా కుదిరాయి. డికాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తుల ఫిల్మ్, దగ్గరికి వచ్చేసరికి మొత్తం చెడింది. రెక్కల మీది రౌండెల్స్ (వైమానికదళం గుండ్రటి గుర్తులు) చేప పొలుసుల్లా మెరుస్తున్నాయి. తోక దగ్గర నంబర్ల చుట్టూ కనిపించకూడని ఫిల్మ్ తెల్లగా తేలి కనిపిస్తోంది. గోరువెచ్చని నీళ్లలోనే నానబెట్టాను, మెత్తటి గుడ్డతోనే అద్దాను, పెయింట్ పూర్తిగా ఆరాకే వేశాను. శనివారం ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ పిల్లల ప్రదర్శనలో పెట్టాలి. బాగా టెన్షన్‌గా ఉంది. డికాల్ షీట్ పాతదయి ఇలా అవుతోందా? ఇంకోటి కొనాలా?

పాతబ్రష్:
డికాల్స్ కింద గ్లాసీ కోటు ఉందా?

ఇంఫాల్44:
తమ్ముడూ, ముందు ఒక సంగతి చూసుకో. మీ డబ్బాలో వచ్చిన రౌండెల్స్‌లో నడుమ ఎర్ర చుక్క ఉందా? ఉంటే అవి యూరప్‌వి, ఇంఫాల్‌వి కావు. జపాన్ విమానాల మీద ఎర్రటి సూర్యబింబం ఉండేది. దూరం నుంచి ఎర్ర చుక్క కనబడితే సొంతవాళ్లే కాల్చేస్తారన్న భయంతో తూర్పు రంగంలో ఎరుపును పూర్తిగా తీసేశారు. మొదట దాని మీద తెలుపు వేశారు, ఆ తెలుపు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోందని తర్వాత లేత నీలానికి మారారు. చుట్టూ ముదురు నీలం, నడుమ లేత నీలం, అంతే. సైజు కూడా చిన్నది. ఎర్ర చుక్కతో ఇంఫాల్ విమానం పెడితే, తెలిసినవాళ్లు ముందు అదే చూస్తారు.

తూరుపుగాలి:
ఇంఫాల్ గారూ, రెండు నీలాలవే వేశాను, ఎరుపు లేదు. నా సమస్య రంగు కాదండీ, మెరుపు. పాతబ్రష్ గారూ, కోటు కొట్టానండి. మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్, స్ప్రే డబ్బాతో, రెండు పొరలు.

పాతబ్రష్:
అది పైన. నేను అడిగింది కింద.

తూరుపుగాలి:
కింద ఏమీ లేదు. పెయింట్ మ్యాట్‌దే కదా, విమానం మ్యాట్‌గానే ఉండాలి కదా?

చిన్నస్కేల్:
కారణం అక్కడే ఉంది అన్నా. మ్యాట్ పెయింట్ చేతికి నున్నగా తగిలినా నిజానికి గరుకుగా ఉంటుంది. డికాల్ ఫిల్మ్ ఆ గరుకు శిఖరాల మీద కూర్చుంటుంది, లోయల్లో గాలి చిక్కుకుంటుంది. వెలుగు ఆ గాలి పొర దగ్గర వెనక్కి కొడుతుంది. నువ్వు చూస్తున్న వెండి మెరుపు అదే. షీట్ తప్పు కాదు, ఇంకోటి కొన్నా మ్యాట్ మీదే వేస్తే మళ్లీ ఇదే వస్తుంది. అందుకే ముందు గ్లాసీ కోటు, దాని మీద డికాల్, చివర్లో మ్యాట్ వేస్తారు. టమియా కంపెనీ గ్లాసీ వార్నిష్ ఎక్స్-22 అయినా పర్లేదు.

అయితే ఇంకో అనుమానం. మ్యాట్ వార్నిష్ ఎక్కడ, ఎలాంటి రోజు కొట్టావు? ఊరేది?

తూరుపుగాలి:
విశాఖ. బాల్కనీలో కొట్టాను. అప్పుడు వాన కురుస్తోంది, లోపల కొడితే వాసన అని బయటికి తెచ్చాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?

చిన్నస్కేల్:
చాలా ఉంది. స్ప్రేలోని ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ఆ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే అది అక్కడే నీరై వార్నిష్‌లో చిక్కుకుని తెల్లగా పాలిపోతుంది. కాబట్టి నీ విమానం మీద రెండు రకాల తెలుపు ఉండొచ్చు. తేల్చుకోవడం తేలిక. మెత్తటి కుంచెతో మంచినీళ్లు రాసి చూడు. తడిగా ఉన్నంతసేపు తెలుపు మాయమై ఆరాక మళ్లీ వస్తే అది పైన వార్నిష్ తెలుపు. తడిలోనూ అలాగే మెరుస్తూ ఉంటే అది డికాల్ కింద గాలి.

ఇంఫాల్44:
విశాఖ అన్నావు కాబట్టి చెప్పాలనిపించింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. దానికి ముందు రోజు కొలంబో మీద దాడిని ఎదుర్కొన్నవాటిలో ఈ హరికేన్లే ఉన్నాయి. ఈ విమానం మన తీరానికి అంత దగ్గరి చుట్టం. అందుకే ఇంకోటి అడుగుతున్నాను, ముక్కు కింద వోక్స్ ఫిల్టర్ పెట్టావా? దుమ్ము ఇంజన్‌లోకి పోకుండా ఉష్ణదేశాలకు పంపిన హరికేన్లకు చాలావాటికి ఆ పెద్ద గడ్డం ఉండేది.

బెంచ్‌మేట్:
ఇంత తిప్పలెందుకు? లాకర్ థిన్నర్‌లో దూది ముంచి తుడిచేయండి, వార్నిష్ పోతుంది, మళ్లీ కొట్టుకోవచ్చు.

పాతబ్రష్:
వద్దు. పెయింట్ కూడా వస్తుంది.

బెంచ్‌మేట్:
ఆయన వాడింది అక్రిలిక్ అయితే రాదు. అక్రిలిక్ అంటే నీళ్ల పెయింట్, ఆరాక ప్లాస్టిక్ అయిపోతుంది.

చిన్నస్కేల్:
బ్రదర్, అక్కడే తేడా వస్తోంది. వాలేహో కంపెనీ అక్రిలిక్ నీళ్ల రకం. టమియా చిన్న సీసాల ఎక్స్, ఎక్స్‌ఎఫ్ రంగుల మీద అక్రిలిక్ అనే ఉంటుంది, కానీ వాటిలో ఆల్కహాల్ ఉంటుంది. లాకర్ థిన్నర్‌కు అవి సులువుగా కరుగుతాయి, చాలామంది వాటిని దానితోనే పలచన చేస్తారు కూడా. పేరు ఒకటే అయినా స్వభావం వేరు.

బెంచ్‌మేట్:
నీళ్లతో బ్రష్ కడిగితే పోతుంది కదా, మరి నీళ్ల పెయింట్ కాదంటారేం?

చిన్నస్కేల్:
ఆరకముందు పోతుంది. మనం మాట్లాడేది ఆరాక థిన్నర్ తగిలితే ఏమవుతుందని. ఆయన పెయింట్ ఏదో చెప్పకుండా థిన్నర్ సలహా ఇవ్వడం ప్రమాదం. డికాల్ ఇంకు కూడా కరుగుతుంది.

తూరుపుగాలి:
పెయింట్ టమియా ఎక్స్‌ఎఫ్. స్కేల్ 1/72, రెక్కల చివరి నుంచి చివరికి 17 సెంటీమీటర్లు. నీళ్లు రాసి చూశాను. వెన్ను మీద, తోక మీద తెలుపు తడిలో పోయింది, ఆరాక వచ్చింది. రౌండెల్స్ మీద మాత్రం తడిలోనూ మెరుస్తూనే ఉంది. అంటే రెండూ ఉన్నట్టేనా?

చిన్నస్కేల్:
రెండూ ఉన్నాయి. ముందు డికాల్స్ పని చూడు. కొత్త బ్లేడు మొనతోగానీ సన్నటి సూదితోగానీ మెరిసే చోటల్లా గుచ్చు. చీల్చొద్దు, గుచ్చితే చాలు. ఆ రంధ్రాల మీద మైక్రో సాల్ (డికాల్‌ను మెత్తబరచే ద్రవం) చుక్కలు పెట్టు. ఫిల్మ్ మెత్తబడి లోయల్లోకి దిగుతుంది. దిగేటప్పుడు ముడతలు పడుతుంది, కంగారుపడి వేలు పెట్టావంటే చిరుగుతుంది. రాత్రంతా వదిలెయ్. మ్యాట్ వార్నిష్ అడ్డం ఉంది కాబట్టి ద్రవం రంధ్రాల్లోంచే దిగాలి, అందుకని దగ్గర దగ్గరగా గుచ్చాలి. ఒక్కసారికి మొత్తం పోదు, మిగిలిన చోట మళ్లీ చెయ్యి. టేపుతో డికాల్ పీకే ఆలోచన ఉంటే మానెయ్, పైన వార్నిష్ ఉంది కనుక పెయింట్‌తో సహా వస్తుంది.

అంతా దిగాక వాన లేని పూట ఎక్స్-22 ఎయిర్‌బ్రష్‌తో పలచగా కొట్టు. ఆ గరుకును అది నింపేస్తుంది, వెన్ను మీది తెలుపు చాలా వరకు తగ్గుతుంది. దాని మీద మళ్లీ మ్యాట్.

తూరుపుగాలి:
మైక్రో సాల్ ఇక్కడ దొరకలేదు. ఆర్డర్ పెడితే శనివారానికి రాదు. వంటింటి వెనిగర్ పనికొస్తుందా?

పాతబ్రష్:
మైక్రో సెట్‌కు (డికాల్ అతుక్కోవడానికి వాడే ద్రవం) బదులు కొంత. సాల్‌కు బదులు కాదు.

చిన్నస్కేల్:
నిజమే. వెనిగర్ డికాల్ అతుక్కోవడానికి సాయపడుతుంది, మెత్తబరచడం దాని వల్ల కాదు. ఎవరి దగ్గరైనా మిస్టర్ మార్క్ సాఫ్టర్ ఉందేమో అడుగు, అదీ ఇదే పని చేస్తుంది. విశాఖలో ఎవరైనా ఉన్నారా ఇక్కడ?

గాజువాక గ్లైడర్:
నా దగ్గర సగం సీసా ఉంది. సాయంత్రం వచ్చి తీసుకెళ్లండి, మెసేజ్ పెడతాను.

బెంచ్‌మేట్:
ఆగండి, ఒకటో స్క్వాడ్రన్ వాళ్లవి టూ బీ కాదా? టూ సీ అని ఎలా అనుకున్నారు?

ఇంఫాల్44:
మంచి ప్రశ్న. తేడా రెక్కల్లోనే ఉంది. టూ బీకి 12 మెషిన్ గన్‌లు, టూ సీకి నాలుగు 20 మిల్లీమీటర్ల కానన్‌లు ముందుకు పొడుచుకుని ఉంటాయి. స్క్వాడ్రన్ పేరు చూసి రకం నిర్ణయించకూడదు, ఏ విమానం చేస్తున్నామో దాని ఫోటో చూసి గొట్టాలు లెక్కపెట్టాలి. తమ్ముడూ, నీ దగ్గర ఏ నంబర్ విమానం ఫోటో ఉంది?

తూరుపుగాలి:
గ్లైడర్ గారి దగ్గర సీసా తెచ్చాను. ఎడమ రెక్క రౌండెల్ మెరుపు చాలావరకు పోయింది, కుడిది రేపు చూస్తాను. థాంక్స్ అండీ అందరికీ.

ఇంఫాల్44:
సంతోషం. ఫిల్టర్ సంగతి చెప్పలేదు. ఇంకా అతికించకపోతే ఇప్పుడే చూసుకో, మ్యాట్ కొట్టాక కష్టం.

బెంచ్‌మేట్:
టూ బీ ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి.