ఒడిశా సరిహద్దులో ఉన్నవాళ్లకి తెలుగు నాటకాల్లో వేషాలు ఎలా వస్తాయి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
పెద్దలకు నమస్కారం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం గాని నేను చదువుకున్నదంతా ఒడియా మీడియం. ఈ ఏడాదే బీఏ అయింది. కాలేజీ వార్షికోత్సవాల్లో ఒడియా ఏకాంకికలు వేశాను, బహుమతులూ వచ్చాయి. నాటకాన్నే వృత్తిగా చేసుకోవాలని ఉంది. తెలుగు నాటక సమాజాలు ఆడిషన్లు ఎప్పుడు పెడతాయి? ఫొటోలు, బయోడేటా ఎవరికి పంపాలి? తెలుగు కూడబలుక్కుని చదవగలను, అంతే. డైలాగులు ఒడియా లిపిలో రాసుకుంటే ఇబ్బందా? నేను రాత్రిళ్లు బయటూళ్లకు వెళ్లడం నాన్నగారికి ఇష్టం లేదు. దానికీ ఏదైనా దారి చెప్పండి.

జవాబు (ఇచ్ఛాపురం నుంచి):
ఆడిషన్ ప్రకటన కోసం ఎదురు చూడకు తల్లీ. మన వైపు ఆ పద్ధతి దాదాపు లేదు. బరంపురం మాష్టారు చూస్తే వివరంగా రాస్తారు.

జవాబు (బరంపురం నుంచి):
అమ్మా, ఫొటోలు పంపితే మర్యాదగా దాచుకుంటారు గాని వేషం ఇవ్వరు. దర్శకుడు నాటిక చేతికి తీసుకోగానే తాను స్టేజీ మీద చూసిన మొహాలే గుర్తు చేసుకుంటాడు. ఆ చూడటం ఎక్కువగా జరిగేది పరిషత్తు పోటీల్లో, అంటే నాటక పరిషత్తులు పెట్టే నాటికల పోటీల్లో. వరుసగా కొన్ని రాత్రులు, రాత్రికి రెండు మూడు నాటికలు ఉంటాయి. తన ప్రదర్శన అయిపోయినా దర్శకుడు ఇంటికి పోడు, మిగతా సమాజాలవి చూస్తూ కూర్చుంటాడు. ఈ సమాజంలో తల్లి వేషం వేసిన ఆవిడే రేపు ఇంకో సమాజంలో లాయరుగా కనిపిస్తుంది. వేషాలు మాట్లాడుకునేది అక్కడే, గ్రీన్‌రూమ్ బయట, టీ తాగుతూ. కాబట్టి నీ మొదటి పని శ్రీకాకుళం, విశాఖ వైపు జరిగే ఏదో ఒక పరిషత్తుకి వెళ్లి, మొదటి నాటిక నుంచి చివరి బహుమతి ప్రదానం దాకా కూర్చోవడం. నచ్చిన దర్శకుడి దగ్గరకు వెళ్లి, ఆయన నాటికలో నీకు నచ్చిన ఘట్టం ఏదో చెప్పి, "రిహార్సల్స్‌కి రావచ్చా అండీ" అని అడుగు. వేషం అడగకు, రిహార్సల్ అడుగు.

ఎందుకంటే మన సమాజాల్లో ఆడ నటుల కొరత చాలా ఎక్కువ. హీరోయిన్ వేషం వేసే ఆవిడ చాలాసార్లు వేరే ఊరు నుంచి ప్రదర్శనకు ఒకటి రెండు రోజుల ముందే దిగుతుంది. అంతవరకూ ఆమె డైలాగులు ఎవరో ఒకరు ప్రాక్సీ చదవాలి. చాలా చోట్ల ఆ పని ఏ మగపిల్లాడో మొహమాటంగా, పొడిపొడిగా చేస్తుంటాడు. దానికి నువ్వు ముందుకు రా. అలా చదివిన మనిషికి మూవ్‌మెంట్లు, ఎదుటివాళ్ల మాటలు, సంగీతం ఎక్కడ వస్తుందో అన్నీ ఒంటబడతాయి. ఏ కారణం వల్లనైనా ఆవిడ రాలేకపోతే అందరి చూపూ నీ వైపే తిరుగుతుంది. ఆ అవకాశం రాకపోయినా నష్టం లేదు, వచ్చే నాటికకి నీ పేరు ఆ దర్శకుడి నోట్లో ఉంటుంది. తెర పక్క నుంచి డైలాగులు అందించమన్నా (ప్రాంప్టింగ్), స్టేజీ మీద వాడే సామాన్లు (ప్రాపర్టీలు) చూసుకోమన్నా చిన్నతనం అనుకోకు.

ఇక లిపి సంగతి. ఒడియా లిపిలో రాసుకోవడం తప్పేం కాదు, మా బరంపురంలో చాలామంది అలాగే నేర్చుకున్నారు. కాని ఒక చిక్కు ఉంది. ఒడియాలో ఎ, ఏ లకి ఒకటే గుర్తు. ఒ, ఓ లకీ అంతే. మెడ, మేడ ఒకేలా రాస్తావు. వెల, వేల కూడా. మా సమాజంలో ఒక కుర్రాడు బాగా ఏడ్వాల్సిన ఘట్టంలో "మెడ మీద నుంచి దూకేస్తాను" అన్నాడు. హాలంతా నవ్వు. పాపం, తండ్రి వేషం ఆయన మళ్లీ ఆ బాధలోకి రావడానికి చాలాసేపు పట్టింది. కాబట్టి ఒడియాలో రాసుకున్నా దీర్ఘం ఉన్న చోట పైన ఒక గీత పెట్టుకో. శ, ష, స మూడింటినీ ఒడియాలో స లాగే పలుకుతాం. "శాంతి", "విషం" లాంటి మాటలు ఎవరైనా పెద్దవాళ్ల దగ్గర గట్టిగా పలికి దిద్దించుకో. ఇదంతా తాత్కాలికం. రోజూ కాసేపు పైకి చదువుతూ పోతే లిపి తొందరగానే పట్టుబడుతుంది. స్క్రిప్టు చేతికిచ్చి "చదువమ్మా" అనగానే ఆగకుండా చదవగలిగితే సగం నమ్మకం అప్పుడే కుదురుతుంది. మన సరిహద్దు యాసని మాత్రం చెరిపేసుకోకు. ఉత్తరాంధ్ర నేపథ్యంతో వచ్చే నాటికల్లో ఆ పలుకుబడి అరువు తెచ్చుకుంటే అతకదు. దిద్దుకున్న ఉచ్చారణ, ఈ యాస రెండూ నోట్లో ఉండాలి.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
చాలా సంతోషం మాష్టారూ. పరిషత్తు నాటికలతో బతుకు గడుస్తుందా? పద్య నాటకాలు, ఒడియా జాత్రా, ఢిల్లీ డ్రామా స్కూలు, వీటిలో ఏది మంచిది?

జవాబు (బరంపురం నుంచి):
దాపరికం లేకుండా చెప్తాను. పరిషత్తు నాటికల్లో మగవాళ్లు ఎక్కువమంది ఉద్యోగాలు చేసుకుంటూ వేసేవాళ్లే. బహుమతి డబ్బు సమాజం ఖర్చులకే చాలదు. ఆడవాళ్లకి ప్రదర్శనకి ఇంత అని ఇస్తారు, దారి ఖర్చులు వేరు. ఇల్లు గడవాలంటే ఏడాది పొడవునా నాలుగైదు సమాజాలు నిన్ను పిలవాలి. అది కొన్నేళ్ల మాట.

పద్య నాటకం దారి వేరు. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో పండగలకి, జాతరలకి కంట్రాక్టు నాటకాలు ఇప్పటికీ ఆడతారు. కంట్రాక్టరు ఒక్కో ఊరి నుంచి ఒక్కో ఆర్టిస్టుని పిలిచి కూరుస్తాడు. రిహార్సల్ ఉండదు. సాయంత్రం వ్యాను దిగి, పేర్లు అడుగుతూ మేకప్ వేసుకుని, రాత్రి ఎక్కేస్తారు. అందరికీ నాటకం కంఠతా రావడం వల్లే అది సాగుతుంది. ఒకే రాత్రి హరిశ్చంద్రుడు ఇద్దరు ముగ్గురు ఉంటారు, సీను సీనుకీ మారతారు. కొత్తవాళ్లకి ఇది మంచి వీలు. మొత్తం వేషం రాకపోయినా ఒక్క సీను చంద్రమతి నిక్కచ్చిగా వస్తే చాలు, పిలుపు రావచ్చు. కాని గొంతు శ్రుతిలో నిలవాలి, హార్మనీ పట్టుకున్న మనిషి దగ్గర కూర్చుని నేర్చుకోవాలి. గొంతులో పాట లేకపోతే ఈ దారి బలవంతాన పట్టకు.

జాత్రా, అంటే ఒడిశాలో కంపెనీలు ఊరూరా తిరిగి ఆడే నాటకం, అసలు సిసలు ఉద్యోగం. రథయాత్ర సమయంలో కంపెనీలు కొత్త నాటకాలు, ఆర్టిస్టుల పేర్లు ప్రకటిస్తాయి. దసరాకి ఆట మొదలైతే వేసవి దాకా ఊరూరా తిరుగుడే. ఏడాదికి ఒప్పందం, అడ్వాన్సు ఉంటాయి. గొంతు, ఒళ్లు రెండూ రాటుదేలతాయి. నీ ఒడియా అక్కడ పెట్టుబడి. కాని సీజను నడుస్తుంటే మధ్యలో తెలుగు నాటకానికి రావడం కుదరదు, నాన్నగారి సంగతి చూస్తే నీకు వెంటనే పనికొచ్చే దారి కాదు.

అన్నట్టు మన గంజాం ప్రహ్లాద నాటకం ఎక్కడైనా ఆడుతుంటే వదలకు. జలంతర రాజాస్థానంలో పుట్టిందని చెప్తారు. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక మీద హిరణ్యకశిపుడు దిగుతూ ఎక్కుతూ గొంతు వాడే తీరు చూస్తే, మైకు లేకుండా చివరి వరసకి మాట ఎలా చేర్చాలో తెలుస్తుంది.

ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1959లో పెట్టింది, మూడేళ్ల కోర్సు. డిగ్రీ ఉండాలి, నాటకాల్లో వేసిన అనుభవం చూపించాలి. మొదట ప్రాథమిక పరీక్ష, అందులో నెగ్గితే ఢిల్లీలో కొన్ని రోజుల వర్క్‌షాపు పెట్టి ఎంపిక చేస్తారు. వయసు, నాటకాల లెక్క నోటిఫికేషన్‌లో చూసుకో. ఈ రోజు నుంచే ప్రతి ప్రదర్శన కరపత్రం, సర్టిఫికెట్టు, దర్శకుడి సంతకంతో ఒక ఉత్తరం ఫైల్లో దాచు. తర్వాత అడిగితే సమాజాల దగ్గర ఏదీ దొరకదు. అంత దూరం వద్దనుకుంటే విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో (ఆంధ్రా యూనివర్సిటీలో) రంగస్థల కళల శాఖ ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఉంది. నా మనసులో మాట, నీకు విశాఖ సరిపోతుంది. పగలు చదువు, సాయంత్రం అక్కడి సమాజాల రిహార్సల్.

జవాబు (రాయగడ నుంచి):
మాష్టారు చెప్పినవాటికి రెండు కలుపుతాను. ఆకాశవాణి వాళ్లు నాటక కళాకారులకి వాయిస్ పరీక్ష పెట్టి గ్రేడు ఇస్తారు. తెలుగుకి విశాఖ కేంద్రం, ఒడియాకి కటక్ కేంద్రం అడుగు. రేడియో నాటకం వేస్తే మాట మీద శ్రద్ధ దానంతట అదే వస్తుంది. రెండోది, కేంద్ర సాంస్కృతిక శాఖ కింద సీసీఆర్‌టీ (సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం) వాళ్ల యువ కళాకారుల స్కాలర్‌షిప్ ఉంది, 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి నెలకి 5,000 రూపాయలు, రెండేళ్లు. నాటకమూ అందులో ఉంది. కాని గురువు దగ్గర ఐదేళ్లు నేర్చుకున్నట్టు చూపాలి, కాబట్టి వయసు దాటకముందే ఆ ఐదేళ్లు పూర్తవుతాయో లేదో లెక్క చూసుకుని, ఒక గురువుని పట్టుకుని ఇప్పటినుంచే మొదలుపెట్టు.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
నాన్నగారి సంగతి ఎవరూ చెప్పలేదు. డబ్బు గురించి నోరు తెరిచి అడగడం కూడా నాకు చేతకాదు.

జవాబు (విశాఖ నుంచి, నటి):
చెల్లెమ్మా, నేనూ ఈ ఇబ్బందులు దాటి వచ్చినదాన్నే. నాన్నగారితో వాదించకు, ఒక్కసారి రిహార్సల్‌కి తీసుకురా. బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు చెప్పులు బయట విప్పి లోపల నేల మీద కూర్చుని డైలాగులు వల్లె వేసుకోవడం కళ్లారా చూస్తే ఆయన భయం చాలావరకు తగ్గుతుంది. మొదట్లో అమ్మనో అత్తనో వెంట తెచ్చుకుంటానని సమాజం వాళ్లకి చెప్పు, సరైన సమాజం ఏదీ కాదనదు. కాదన్నచోట చేరకు. గుణుపూరు వైపు నుంచి విశాఖ వచ్చే రైలు మీ ఊరి మీదుగానే కదా, తిరుగు రైలు ఎప్పుడో ముందే కనుక్కుని, అది తప్పితే రాత్రి ఎక్కడ ఉంటావో ఇంట్లో చెప్పి బయలుదేరు.

డబ్బు మాట మొదటి రిహార్సల్‌కి ముందే అడగాలి. ప్రదర్శనకి ఎంత, రానూపోనూ ఛార్జీలు ఎవరివి, బస ఎక్కడ, ఆడవాళ్లకి వేరే గది ఉందా, రిహార్సల్ రోజులకి ఏమైనా ఇస్తారా, అదే నాటిక మళ్లీ ఇంకో ఊళ్లో ఆడితే ఎంత. నోటితో అడగలేకపోతే ఫోన్‌లో మెసేజ్ పెట్టు, జవాబూ మెసేజ్‌లోనే తీసుకో. అడిగినందుకు నీకు వేషం పోదు. ఒప్పుకున్న తేదీకి రాకపోతేనే పోతుంది. ఒకే తేదీకి ఇద్దరికి మాట ఇచ్చావంటే మాత్రం ఆ కబురు వచ్చే పరిషత్తుకి నీకంటే ముందే చేరుతుంది.