ట్యాబ్‌లో పొడవాటి కథలు చదివించాలంటే పేజీ ఎలా ఉండాలి?

నీలి సిరా
నేనూ నా స్నేహితురాలూ కలిసి కథల సైటు నడుపుతున్నాం. ఒక్కో కథ మూడు నాలుగు వేల పదాలు. ఫోన్‌లో బాగానే ఉందంటున్నారు, ట్యాబ్ అడ్డంగా పెట్టుకుని చదివేవాళ్లు మాత్రం సగంలో వదిలేస్తున్నామని మెయిల్ చేస్తున్నారు. అక్షరం ఎంత సైజు ఉండాలి, స్క్రోల్ ఉంచాలా పుస్తకంలా పేజీలు తిప్పేలా చేయాలా, నల్ల బ్యాక్‌గ్రౌండ్ ఇవ్వాలా? మీ అనుభవాలు చెప్పండి.

అద్దాలు
సైజు తర్వాత, ముందు జూమ్ ఆపేశారేమో చూడండి. రెండు వేళ్లతో సాగదీస్తే కదలని పేజీని నేను అక్కడే మూసేస్తాను. నాది మైనస్ తొమ్మిది పవర్. పేజీ కోడ్‌లో యూజర్-స్కేలబుల్ నో (జూమ్ వద్దు) అని ఒక్క ముక్క రాసి మాలాంటివాళ్లను గుమ్మం బయటే నిలబెడుతున్నారు. ఐప్యాడ్ సఫారీ 2016 నుంచి ఆ ముక్కను పట్టించుకోవడం లేదు, ఆండ్రాయిడ్ క్రోమ్‌లో మాత్రం సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కిందకి వెళ్లి జూమ్ మనమే ఆన్ చేసుకోవాలి. ఆ సంగతి ఎంతమందికి తెలుసు?

రాత్రి చదువరి
నల్లది ఇవ్వండి, కానీ ఇష్టమైనవాళ్లు ఎంచుకునేలా. కటిక నలుపు మీద తెల్లటి అక్షరాలు పెడితే నాకున్న ఆస్టిగ్మాటిజం వల్ల చుట్టూ పొగ కమ్మినట్టుంటుంది, ‘వ’కీ ‘ప’కీ తేడా తెలియదు. ముదురు బూడిద మీద లేత బూడిద అయితే గంటసేపు హాయిగా చదువుతాను.

అచ్చుగది
ఇరవై రెండేళ్లు డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చు పేజీలు కూర్చే పని) చేశాను, పత్రికలూ నవలలూ కలిపి ఎన్ని వేల పేజీలు పెట్టానో లెక్క లేదు. నీలి సిరా గారూ, మీ పేజీకి జస్టిఫై ఉండకపోవచ్చు. కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉంటే కన్ను అలసిపోతుంది. రెండు అంచులూ సమంగా పెట్టండి, చదవకుండా ఎవరు వదిలేస్తారో చూద్దాం.

నీలి సిరా
మాది జస్టిఫై చేసే ఉందండీ.

కోడు పలక
అదే మీ జబ్బు! తెలుగులో ‘వెళ్లాల్సివచ్చినప్పుడల్లా’ లాంటి మాట ఒకటి కింది వరుసకు జారితే పైన మిగిలిన నాలుగు మాటలూ సాగదీసి పరుస్తుంది బ్రౌజర్. మధ్యలో వేలు పట్టేంత ఖాళీలు. అచ్చులో మీరు ప్రతి వరుసా కంటితో చూసి మాట విరిచేవాళ్లు. వెబ్‌లో ఒక్కో స్క్రీన్‌కి ఒక్కో వెడల్పు, ఎవరు కూర్చుని విరుస్తారు? వెబ్ పేజీలు అందరికీ అందేలా ఉండాలని రాసిన మార్గదర్శకాలు డబ్ల్యూసీఏజీలో 1.4.8 నియమం కూడా జస్టిఫై వద్దనే చెబుతుంది.

అచ్చుగది
నియమాలు చదివి పేజీలు పెట్టడం నేర్చుకోలేదు నేను. మంచి పుస్తకం ఏది తెరిచినా రెండు అంచులూ గీత గీసినట్టుంటాయి. చేతకానివాళ్లే ఎడమ అంచు చాలంటారు.

కోడు పలక
చేతకావడం గురించి మాట్లాడకండి. మీ పేజీని ట్యాబ్‌లో ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా తిప్పి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

చిన్నక్షరం
ఇద్దరూ ఆగండి. 1.4.8 ట్రిపుల్ ఏ, అంటే అన్నిటికంటే పై స్థాయిది, అందరూ తప్పనిసరిగా పాటించేది కాదు. కానీ అదే నియమంలో వరుసకు 80 అక్షరాలు దాటొద్దని కూడా ఉంది, అసలు దెబ్బ అక్కడ. అడ్డంగా పెట్టిన ట్యాబ్‌లో వరుస ఈ చివర నుంచి ఆ చివరకు పోతే, కన్ను వెనక్కి వచ్చేసరికి ఏ వరుసో తప్పిపోతుంది, చదివిందే మళ్లీ చదువుతాం. ఫోన్‌లో బాగుండి ట్యాబ్‌లో బాగోలేదంటే నేను మొదట అనుమానించేది దీన్నే. వెడల్పుకు హద్దు పెట్టండి. సీహెచ్ యూనిట్‌లో వద్దు, అది సున్నా అంకె వెడల్పు, మన అక్షరాలు చాలావరకు అంతకంటే వెడల్పు. నేను ఈఎమ్‌లలో (ఒక ఈఎమ్ అంటే అక్షరం సైజు అంత) కొలిచి 34 దగ్గర ఆపాను.

పుటలు
ఇంత గొడవెందుకు, పీడీఎఫ్ పెట్టేస్తే పోలే?

అద్దాలు
దయచేసి వద్దు. పీడీఎఫ్‌లో అక్షరం పెంచితే వరుస స్క్రీన్ దాటిపోతుంది, ప్రతి వరుసకీ పక్కకి జరిపి చదవాలి. డౌన్‌లోడ్ ఇవ్వాలంటే ఈపబ్ ఇవ్వండి, సైజు మార్చినా వరుసలు సర్దుకుంటాయి.

రాత్రి చదువరి
నాకు అన్నిటికంటే మంట పుట్టించేది ఇంకొకటి. మంచి పట్టులో ఉండగా పైన ఎక్కడో బొమ్మ లోడ్ అవుతుంది, చదువుతున్న పేరా జారి కిందికి పోతుంది.

కోడు పలక
బొమ్మకి వెడల్పు, ఎత్తు ముందే రాస్తే చోటు పట్టి ఉంచుతుంది. రెండు అంకెలు రాయడానికి కూడా బద్ధకమే.

నీలి సిరా
పేజీలా స్క్రోలా అన్నది ఎవరూ చెప్పలేదు.

పుటలు
నాకు పేజీలే. ఆ మాట ఎడమ పేజీలో కింద ఉందని గుర్తుంటుంది, స్క్రోల్‌లో ఏదీ ఒకచోట ఉండదు. స్క్రోలే ఉంచితే ఆపిన చోటు గుర్తుపెట్టుకుని మళ్లీ అక్కడే తెరిచేలా చేయండి.

నీలి సిరా
జస్టిఫై తీసేశాను, వెడల్పు 34 చేశాను, వరుసల ఎత్తు 1.4 నుంచి 1.8కి పెంచాను. ‘రాష్ట్రం’ కింది వత్తులు పక్క వరుస గుడులకు తగలడం లేదు. శీర్షికల్లో మాత్రం వత్తులు ఇంకా సగానికి తెగుతున్నాయి, ఎందుకు?

చిన్నక్షరం
శీర్షికకు లైన్ హైట్ విడిగా ఉంటుంది, ఇంగ్లీషు టెంప్లేట్ అయితే 1.1 అలా పెట్టి ఉంటారు. శీర్షిక ఉన్న పెట్టెకు ఓవర్‌ఫ్లో హిడెన్ (పెట్టె దాటినదాన్ని కనబడకుండా కోసేసేది) ఉందేమో కూడా చూసి తీసేయండి.

అచ్చుగది
1.8 చాలా ఎక్కువ. 1.6 పెట్టి చూడండి.