లూయీ ఫెర్డినాండ్ సంగీతంలో తర్వాత ఏది వినాలి?

నమస్కారమండీ, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం బాగా వినేవాళ్ల సాయం కావాలి.

ప్రష్యా రాకుమారుడు లూయీ ఫెర్డినాండ్ రాసిన ఎఫ్ మైనర్ పియానో క్వార్టెట్ (పియానో, మూడు తీగవాద్యాల కోసం రాసిన కృతి; ఓపస్ 6, అంటే ఆయన కృతుల్లో 6వ సంఖ్యది) ఈమధ్య విన్నాను. అప్పట్నుంచి మనసు దాని మీదే ఉంది. ఈయన ఫ్రెడరిక్ ది గ్రేట్ తమ్ముడి కొడుకు. 1806 అక్టోబరు 10న జాల్‌ఫెల్డ్ దగ్గర ఫ్రెంచి సేనలతో పోరాడుతూ చనిపోయాడు, అప్పటికి 33 ఏళ్లే. బీథోవెన్ మూడో పియానో కన్చెర్టో అంకితం పుచ్చుకున్నది ఈయనే. కృతిభర్త కావడం వేరు, తానే ఇంత గంభీరంగా రాయగలగడం వేరు కదా!

ఇక ఏం వినమంటారు? ఓపస్ 1 పియానో క్వింటెట్టా, ట్రియోలా? ఆనాటి ఫోర్టెపియానో (పియానో తొలి రూపం) మీద వాయించిన రికార్డింగు ఉంటే మరీ మంచిది. ఈయన కొలువులో ఉన్న సంగీతకర్త డ్యూసెక్, రాకుమారుడు పోయాక ఆ దుఃఖంలో ఓపస్ 61 పియానో సొనాటా రాశాడు. దాన్నీ ఈ క్వార్టెట్‌నీ పక్కపక్కన విన్నవాళ్లుంటే, ఒకరి ప్రభావం ఇంకొకరి మీద ఎక్కడ వినిపిస్తుందో కాస్త వివరంగా చెప్పండి.

అలాగే బీథోవెన్ శిష్యుడైన ఆస్ట్రియా రాకుమారుడు ఆర్చ్‌డ్యూక్ రుడాల్ఫ్ సొంత రచనలు కూడా ఈ స్థాయిలో ఉంటాయా?