ఎగిరేది డొక్కా, పక్కటెముకలా?

గోదారి గట్టు: పసిపిల్లలకు రొంప పట్టినప్పుడల్లా మా అమ్మమ్మ ఒక మాట అనేది. "ముక్కు కారితే మిరియం, డొక్క ఎగిరితే..." ఆ తర్వాతి ముక్క ఎంతకీ గుర్తు రావడం లేదు. అసలు అది "ఎగిరితే"నా, "ఆడితే"నా అన్నది కూడా అనుమానమే. మీ ఇళ్లలో ఎవరైనా అనేవారా?

పిల్లల వార్డు: రెండో సగం నాకూ తెలీదు గానీ, నా ఓటు "ఎగిరితే"కే. న్యుమోనియా పిల్లల్ని ఎత్తుకొచ్చే తల్లులు "డొక్కలెగరేస్తున్నాడు సార్" అనే అంటారు. ఆ మాట చెవిన పడితే స్టెతస్కోపు తర్వాత, ముందు చొక్కా విప్పించి చూస్తాం. ఏడుపు మానాక, పాలు తాగనప్పుడు, నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, అంతకు చేరితే వేగం ఎక్కువన్నట్టే. నా చిక్కల్లా ఒకటే. గాలి పీల్చినప్పుడు ఛాతీ కింది భాగం లోపలికి పోవడం ఇక్కడ గుర్తు. లోపలికి పోయేదాన్ని "ఎగరడం" అని ఎందుకన్నారు?

పాత నిఘంటువు: డొక్కను పక్కటెముకలు అనుకోవడంతో వచ్చిన చిక్కు అది. డొక్క అంటే కడుపు. "రెక్కాడితే గాని డొక్కాడదు"లో పక్కటెముకల ప్రసక్తి ఎక్కడుంది? అలా ఆయాసపడే బిడ్డకు ఎముకల కింద గుంట పడుతుంటే పొట్ట పైకి లేస్తుంది. తల్లి పొట్టను చూస్తుంది, డాక్టరు గుంటను చూస్తాడు.

ఓరుగల్లు పోరి: మరి "డొక్కలు" అని బహువచనమెందుకు? కడుపు ఒక్కటే కదా. "ఆకలికి డొక్కలు ఎండినయి" అంటే రెండు దిక్కులా లోపలికి పోయినయనే. పక్కబొక్కల కింద, నడుం దగ్గర మెత్తగుండే చోటే డొక్క. మా ఇంట్ల ఆవు కడుపు నిండిందా లేదా అని ఎడమ డొక్క చూసే చెప్తరు. ఎండితే అక్కడ గుంట పడ్తది, మేస్తే నిండుతది.

పాత నిఘంటువు: పశువు సంగతి సరే. మనిషికి "డొక్కశుద్ధి" అంటాం. అక్కడ చదువు కడుపులో ఉన్నట్టా, పక్కల్లో ఉన్నట్టా?

గోదారి గట్టు: "ఆడు" సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఊపిరాడుతుంది, గాలాడుతుంది. "డొక్కాడదు"లోనూ తిండి కాదు, ఊపిరే ఉందని నా నమ్మకం. రెక్కలు కదిలితేనే ఊపిరి కదులుతుందని.

పాత నిఘంటువు: ఊహ అందంగా ఉంది, ఒప్పుకోలేను. గానుగ ఆడుతుంది, మిల్లు ఆడుతుంది. కడుపు ఆడటమూ అలాంటిదే.

తెల్లారగట్ట: ఊపిరి అంటే నాకు పోతన గజేంద్రుడే. "ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను" అన్నాడు. ఠావు కాదు, ఠావులు! హృదయంలో ప్రాణం, గుదంలో అపానం, నాభిలో సమానం, కంఠంలో ఉదానం, ఒళ్లంతా వ్యానం. ఐదూ చోటు తప్పాయి. ఆ బహువచనం లేకపోతే పద్యంలో సగం బలం పోతుంది.

పిల్లల వార్డు: ఏనుగు మాట వచ్చింది కాబట్టి చెప్తాను. దాని ఊపిరితిత్తులు ఛాతీ గోడకు అతుక్కునే ఉంటాయి. మనకు ఆ రెంటి మధ్య పలచటి సందు ఉంటుంది, ఏనుగుకు అక్కడ పీచులాంటి కణజాలం నిండి ఉంటుంది. మన సందులో నీరు చేరితే, వీపు మీద ఒక వేలు ఆనించి రెండో చేతి వేలితో తట్టినప్పుడు రాతిని కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. వేలు ఆనించకుండా నేరుగా ఛాతీనే తట్టి చూడటం గురించి వియన్నాలో ఔయెన్‌బ్రుగ్గర్ 1761లోనే పుస్తకం వేశాడు.

పాత నిఘంటువు: తెల్లారగట్ట గారూ, ఠావులు ఐదు ప్రాణాల కోసమే అనడం తొందరపాటు. ఆ పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడు, చూడండి, "ఠావుల్"కు "డస్సెన్".

తెల్లారగట్ట: ఠా–డ యతి నాకూ తెలుసండీ. యతికి "ఠా" చాలు, "ల్" అక్కర్లేదు. బహువచనం పోతన కావాలని వేసిందే.

పాత నిఘంటువు: యతికి అక్కర్లేదు, గణానికి కావాలి. ఆ పద్యం శార్దూలం, ప్రతి పాదమూ మగణంతో, అంటే మూడు గురువులతో మొదలవుతుంది, "ల్" తీసేస్తే రెండో అక్షరం లఘువైపోతుంది.